నోటి క్యాన్సర్, ఇంట్లోనే చూసుకుంటున్నాం: మార్ఫిన్, పుండు వాసన, ట్యూబు, ఆయనకు చెప్పడం గురించి

చెల్లెలు_సూర్యాపేట:

నమస్కారం అండి. మా బావగారికి 52 ఏళ్లు, కుడి బుగ్గలో క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్ రెండూ అయ్యాయి. ఇప్పుడు మెడ మీద గడ్డ మళ్లీ లేచి పుండైంది. కీమోతో ఇక లాభం లేదు, నొప్పి తగ్గించే వైద్యమే చేస్తాం అని ఇంటికి పంపారు. ముక్కులోంచి కడుపులోకి ఆహారం పోసే రైల్స్ ట్యూబు ఉంది. మందులు: మార్ఫిన్ 10 మి.గ్రా. నాలుగు గంటలకోసారి, పారాసెటమాల్, రాత్రికి విరేచనం కోసం బిసాకోడిల్ మాత్ర. అన్నీ పొడి చేసి ట్యూబులోనే వేస్తున్నాం. చూసుకునేది అక్క ఒక్కతే. పిల్లలకు 15, 11 ఏళ్లు.

మార్ఫిన్‌ను ఓర్చుకోలేనప్పుడే వేయమంటున్నారు. అలవాటైపోతుందని, అది ఆఖరి రోజుల్లో ఇచ్చే మందని ఆయన భయం. అర్ధరాత్రి దాటాక నొప్పికి లేచి కూర్చుంటారు, అక్కకూ నిద్ర లేదు. వాసన వస్తోందని పిల్లల్ని గదిలోకి రానివ్వరు, అక్కను కూడా పక్క గదిలో పడుకోమంటున్నారు. ట్యూబు ఊరికే మూసుకుపోతోంది.

ఇంకో సంగతి. ఆసుపత్రిలో మాటలన్నీ బావగారి అన్నయ్యతోనే జరిగాయి. వాడికి చెప్పొద్దు, కుంగిపోతాడు అని ఆయన అందరికీ చెప్పారు. బావగారేమో పగలంతా ఎవరినీ ఏమీ అడగరు, రాత్రిపూట అక్కను మాత్రం "డాక్టర్లు ఏమన్నారు?" అని అడుగుతారు. అక్క ఏం చెప్పాలి?

పాలియేటివ్_డాక్టర్:

నొప్పితోనే మొదలుపెడతాను. నొప్పి తగ్గనిదే వాళ్లిద్దరి మధ్య మాటలకు చోటుండదు.

మామూలు మార్ఫిన్ మాత్ర పని చేసేది దాదాపు నాలుగు గంటలు. వేసిన అరగంటకు పట్టు మొదలై, గంటకు బాగా తెలుస్తుంది. నొప్పి వచ్చాక వేస్తే ఆ అరగంట, గంట ఆయన నరకం చూస్తారు. అది చూసి ఇంట్లోవాళ్లు "ఈ మందూ పని చేయట్లేదు" అనుకుంటారు. గడియారం చూసి వేయాల్సిన మందు ఇది. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి 10 గంటలకు రెండు మోతాదులు కలిపి ఇస్తే తెల్లవారుజామున 2 గంటల మాత్ర అక్కర్లేదు. ఇద్దరూ నిద్రపోవడానికే ఈ పద్ధతి పెట్టింది. అయితే ఒక జాగ్రత్త: ఇన్నాళ్లూ సరిగ్గా వేయలేదు కాబట్టి ఎకాఎకిన ఈ లెక్క మొదలుపెట్టకండి. రోజుకు నిజంగా ఎన్ని మాత్రలు పడుతున్నాయో రాసిచ్చిన డాక్టరుకు చెప్పి, ఎంతతో మొదలుపెట్టాలో, రాత్రి రెట్టింపు ఇవ్వచ్చో లేదో అడిగి మొదలుపెట్టండి.

మధ్యలో నొప్పి పొడుచుకొస్తే ఒక అదనపు మోతాదు వేయవచ్చు. మామూలుగా అది ఒకపూట మోతాదు ఎంతో అంతే. అదనపుది వేశామని తర్వాతి పూటది మానొద్దు. రోజుకు మూడుసార్లకు మించి అదనపు మాత్ర పడుతోందంటే అసలు మోతాదు చాలట్లేదని అర్థం, ఫోన్ చేయండి. మంటగానో, కరెంటు కొట్టినట్టో ఉండే నొప్పికి మార్ఫిన్ ఒక్కటే చాలదు. అది నరం నొప్పి. దానికి అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటివి కలుపుతారు, అందుకని నొప్పి ఎలా ఉందో కూడా చెప్పండి. ఎంత ఉందో పదిలో చెప్పలేకపోతే పావలా, అర్ధరూపాయి, ముప్పావలా, రూపాయి అని అడగండి. మాట స్పష్టంగా రాకపోతే వేళ్లతో చూపిస్తారు.

ఇక ఆయన భయం. క్యాన్సర్ నొప్పికి డాక్టరు లెక్కగట్టి ఇచ్చే మార్ఫిన్‌తో వ్యసనం పట్టడం అరుదు. ఒక్కసారిగా ఆపేస్తే చెమటలు, వణుకు, కడుపునొప్పి వస్తాయి. అది శరీరం అలవాటుపడటం. వ్యసనం వేరు. అందుకే ఆపాల్సి వస్తే మెల్లగా తగ్గిస్తారు. ఇది ఆయుష్షు తగ్గించే మందు కూడా కాదు. నొప్పి ఏ దశలో ఎక్కువైతే ఆ దశలోనే ఇస్తారు, కొందరు నెలల తరబడి వాడుతూ తమ పని తాము చేసుకుంటారు. ఈ మాట అక్క చెప్పడం కంటే డాక్టరో నర్సో నేరుగా ఆయనకే చెప్పాలి. వెనకాల మాట్లాడుకునే ఇంట్లో ఏ మాత్ర మీదైనా అనుమానమే వస్తుంది.

మీరు రాసినదాంట్లో సరిదిద్దాల్సింది ఒకటుంది. బిసాకోడిల్ మీద ఉండే పూత పేగుల దాకా కరగకుండా ఉండటానికి. పొడి చేస్తే కడుపులో మంట, నొప్పి. ట్యూబు ఉన్నవాళ్లకు దాని బదులు సోడియం పికోసల్ఫేట్ ద్రవమో, నీళ్లు కలిపిన లాక్టులోజో రాయించుకోండి. విరేచనం మందు మార్ఫిన్ ఉన్నన్నాళ్లూ రోజూ ఉండాల్సిందే. మత్తు, వాంతి కొద్దిరోజుల్లో సర్దుకుంటాయి, మలబద్ధకం సర్దుకోదు. మూడు రోజులు విరేచనం కాకపోతే చెప్పండి. గట్టిపడిన మలం పక్కనుంచి నీళ్లలా కారినా విరేచనాలు పట్టుకున్నాయనుకుని మందు ఆపేస్తుంటారు, ఇది చాలా ఇళ్లలో జరిగేదే.

12 గంటలు పనిచేసే మార్ఫిన్ మాత్ర రాస్తే దాన్ని మాత్రం ఎప్పుడూ పొడి చేయకండి. పన్నెండు గంటల మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది.

హోంకేర్_నర్స్:

చెల్లెమ్మా, వాసన సంగతి. ఆక్సిజన్ అందని చచ్చిన కండలో పెరిగే బ్యాక్టీరియా వల్ల వచ్చే వాసన అది. శుభ్రత లేక కాదు, కాబట్టి అత్తరు, సాంబ్రాణి, డెట్టాల్ వీటితో పోదు. మెట్రోనిడాజోల్‌తో పోతుంది. 400 మి.గ్రా. మాత్రను మెత్తగా నూరి, పల్చటి గుడ్డలో జల్లించి పుండు మీద చల్లాలి. పుండు పెద్దదైతే రెండు మాత్రలు పడతాయి. క్రమం తప్పకుండా చేస్తే కొద్దిరోజుల్లోనే తేడా తెలుస్తుంది. వాసన మరీ ఎక్కువుంటే డాక్టరు కడుపులోకి కూడా రాస్తారు.

డ్రెస్సింగ్ ఇలా చేయండి. దానికి అరగంట, ముప్పావుగంట ముందు మార్ఫిన్ పూట వచ్చేట్టు సమయం కుదుర్చుకోండి, పదింటి మాత్ర అయితే పదిన్నర దాటాక డ్రెస్సింగ్. అర లీటరు నీళ్లలో ఒక చదును టీస్పూను ఉప్పు వేసి మరిగించి చల్లార్చండి, ఏ రోజుది ఆ రోజే. పాత కాటన్ చీర గానీ పంచె గానీ ఉతికి, ఎండబెట్టి, ముక్కలు చేసి, మూతగిన్నెలో పెట్టి కుక్కర్‌లో 20 నిమిషాలు ఆవిరి పట్టిస్తే గాజుగుడ్డ కొనాల్సిన పని లేదు. పాత గుడ్డను లాగొద్దు. ఉప్పునీళ్లు పోసి పది నిమిషాలు నాననిస్తే తనే జారుతుంది. లాగితే నొప్పి, రక్తం రెండూ. తర్వాత 20 మి.లీ. సిరంజితో నీళ్లు మెల్లగా పారించి కడగండి, రుద్దొద్దు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ వద్దు. పొడి చల్లి, వాజిలిన్ పూసిన పల్చటి గుడ్డ పరిచి, పైన మందపాటి ప్యాడ్ పెట్టండి. రసి బాగా కారుతుంటే శానిటరీ న్యాప్‌కిన్ చక్కగా పీలుస్తుంది. రేడియేషన్ పడిన చర్మం మీద ప్లాస్టర్ అంటించొద్దు, ఊడదీసేటప్పుడు తోలు లేచి వస్తుంది. మెడ చుట్టూ బ్యాండేజీ రెండు వేళ్లు దూరేంత వదులుగా ఉండాలి.

పుండు ఎప్పుడూ మూసే ఉంచండి, పగలు కూడా దోమతెర వాడండి. ఈగ వాలితే పురుగు పడుతుంది. పడితే అది ఎవరి పాపమూ కాదు, అక్క సరిగ్గా చూడలేదనీ కాదు. సిగ్గుపడి దాచకుండా వెంటనే మాకు ఫోన్ చేయాలి. టర్పెంటైన్ నూనె గుడ్డతో బయటికి రప్పించి ఫోర్సెప్స్‌తో తీసేస్తాం. మెడ దగ్గర, నోటి దగ్గర అది నర్సు చేయాల్సిన పని, ఇంట్లో ప్రయత్నించకండి.

ట్యూబు మూసుకుపోవడానికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి: మాత్రల పొడి, చిక్కటి జావ. ఒక్కో మాత్రనూ విడిగా నూరి 10, 15 మి.లీ. నీళ్లలో కలిపి వేయండి. ఆహారంలో కలపొద్దు. ముందూ వెనకా 30 మి.లీ. గోరువెచ్చటి నీళ్లు పోయండి. జావను పల్చటి గుడ్డలో వడగట్టాలి. మొలకకట్టి ఎండబెట్టి పట్టించిన రాగిపిండితో చేస్తే అంతే పిండితో జావ పల్చగా వస్తుంది, నీళ్లు కలిపి బలం తగ్గించాల్సిన పని ఉండదు. దాంట్లో పాలు, ఒక చెంచా నూనె, వడగట్టిన పప్పుకట్టు కలపవచ్చు. ఒక్కసారికి 200 నుంచి 250 మి.లీ., రెండు మూడు గంటలకోసారి. తలవైపు దిండ్లు పెట్టి వాలుగా కూర్చోబెట్టి, సిరంజి ఎత్తి పట్టుకుంటే తనే దిగుతుంది, పిస్టన్‌తో నెట్టొద్దు. అయ్యాక అరగంట నుంచి గంట వరకు పడుకోబెట్టకండి. మూసుకుపోతే 50 మి.లీ. సిరంజితో గోరువెచ్చటి నీళ్లు కొద్దిగా పోసి మెల్లగా లోపలికీ బయటికీ ఆడించి, పావుగంట ఆగి మళ్లీ ప్రయత్నించండి. తీగ మాత్రం దూర్చకండి. ముక్కు దగ్గర ట్యూబు మీద పెన్నుతో గీత పెట్టుకుని ప్రతిసారీ చూడండి. గీత జరిగినా, పోస్తుంటే దగ్గు వచ్చినా, ఆయాసం వచ్చినా ఆపేయాలి.

కౌన్సెలర్_హైదరాబాద్:

జబ్బు ముదిరిన ఇంట్లో తరచూ ఒకటి జరుగుతుంది. బంధువులు నిర్ణయాలు తీసుకునే పని తాము తీసుకుని, గుడ్డలు ఉతికే పని భార్యకు వదిలేస్తారు. ఇది తలకిందులవ్వాలి. గుడ్డలు ఉతకడం, జావ కాయడం, మందుల కోసం తిరగడం ఎవరైనా చేయవచ్చు. ఎంత నొప్పి ఉంది, ఏ మందు ఎంత, రేపు ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అనే మాటల్లో మాత్రం ముందు బావగారు, తర్వాత మీ అక్క ఉండాలి. వచ్చేసారి డాక్టరు దగ్గర మీ అక్క కుర్చీలో కూర్చోవాలి, చేతిలో నోటుపుస్తకం ఉండాలి: టైము, మోతాదు, నొప్పి, విరేచనం, ఎన్నిసార్లు ఆహారం పోశారు. ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంటే డాక్టరు వాళ్లతోనే మాట్లాడతారు.

చెప్పాలా వద్దా అన్నదానికి: రాత్రి అక్కనొక్కదాన్నే అడుగుతున్నారంటే ఆయనకు చాలావరకు తెలుసు. తెలిసిన సంగతినే ఒంటరిగా మోస్తున్నారు. నిజమంతా ఒక్కసారి కుమ్మరించనక్కర్లేదు. ముందు అడగాలి: "మీకేమనిపిస్తోంది?" ఆయన చెప్పాక: "ఇంకా ఏం తెలుసుకోవాలనుంది?" ఎంతవరకు అడిగితే అంతవరకే. "ఇక తగ్గదా?" అంటే, "గడ్డను తగ్గించే మందు లేదన్నారు. నొప్పికి మందుంది, అది ఆపరు. నేను మీ దగ్గరే ఉంటాను" అనవచ్చు. ఎన్ని రోజులని అడిగితే లెక్క చెప్పొద్దు, ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. డాక్టరును ఇద్దరం కలిసి అడుగుదాం అనండి. ఆయన "నాకేమీ చెప్పకు" అంటే అదీ ఆయన హక్కే, ఒత్తిడి చేయకండి. చెప్పిన రోజు ఏడుస్తారు, ఒకటి రెండు రోజులు ముభావంగా ఉండొచ్చు. కుంగిపోతాడని పెద్దాయన భయపడేది దీనికే. కానీ అబద్ధం చెప్తే ఆయన మిగిలిన రోజులన్నీ ఎవరినీ నమ్మకుండా గడుపుతారు.

పెద్దాయనతో పోట్లాట వద్దు, ఆయనదీ ప్రేమే. అక్క ఇలా అనవచ్చు: "బావగారూ, నేనుగా మొదలుపెట్టను. ఆయన అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను. డాక్టరుగారి దగ్గర మీరూ ఉండండి, కలిసి మాట్లాడదాం."

పక్క గదిలో పడుకోమనడం గురించి. క్యాన్సర్ అంటుకోదు. ఒకే కంచం, ఒకే మంచం, ముద్దు, ఏదీ ప్రమాదం కాదు. బయటినుంచి ఇచ్చిన రేడియేషన్ ఒంట్లో మిగలదు. ముఖం మారిపోయిందని, వాసన అని సిగ్గుతో దూరం పెడుతున్నారు తప్ప అక్కర్లేక కాదు. మెట్రోనిడాజోల్ పని చేశాక, పుండు లేని ఎడమవైపు మంచం వేసుకోమనండి. రోజులో ఒక్క డ్రెస్సింగైనా నర్సో, మీరో చేసి, ఆ సమయంలో అక్క ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోవాలి. రోజంతా ట్యూబు, పుండు, మలం చూసే మనిషి భార్య అన్న సంగతి ఇద్దరికీ మరుపున పడుతుంది. ఇది చిన్న విషయంగా తీసుకోవద్దని నా మనవి.

పిల్లలకు పని ఇవ్వండి. పెద్దపిల్లకు నోటుపుస్తకంలో టైము రాయడం, చిన్నోడికి పేపరు చదివి వినిపించడం. గది బయట నిలబెడితే, తమ వల్లే నాన్నకు ఏదో అయిందని ఆ వయసు పిల్లలు ఊహించుకుంటారు.

చెల్లెలు_సూర్యాపేట:

అందరికీ దండాలు. అక్కకు అన్నీ చదివి వినిపించాను. రెండు సందేహాలు. గుడ్డ మీద రెండు రోజులుగా ఎర్రటి చుక్కలు కనిపిస్తున్నాయి, ఏం చేయాలి? మార్ఫిన్ మా ఊళ్లో ఏ షాపులోనూ లేదు, ప్రతిసారీ హైదరాబాద్ పోవాల్సిందేనా?

హోంకేర్_నర్స్:

చుక్కలే అయితే గుడ్డ ఎండి అతుక్కోవడం వల్ల కావచ్చు. ఇంకా ఎక్కువసేపు నాననివ్వండి. కొద్దిగా ఊరుతుంటే రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ 500 మి.గ్రా. మాత్ర నూరి గుడ్డ మీద వేసి పది నిమిషాలు మెల్లగా అదిమి పట్టుకోవచ్చు, మీ డాక్టరును అడిగి ఇంట్లో ఉంచుకోండి.

అయితే మెడలో, రేడియేషన్ పడినచోట పుండు కాబట్టి ఒకటి దాచకుండా చెప్పాలి. అందరికీ జరగదు గానీ, మెడ పెద్ద రక్తనాళం చిట్లి ఒక్కసారిగా ధారగా రక్తం పోయే ప్రమాదం ఉంది. చుక్కలు పెరగడం కొన్నిసార్లు దానికి ముందు హెచ్చరిక. కాబట్టి ఈ రోజే మీ టీముకు ఫోన్ చేసి చెప్పండి. మంచం దగ్గర ముదురు రంగు తువ్వాళ్లు, మెరూన్‌వో ముదురు ఆకుపచ్చవో, నాలుగైదు పెట్టుకోండి. తెల్లగుడ్డ మీద రక్తం చూస్తే ఆయనా భయపడతారు, ఇంట్లోవాళ్లూ భయపడతారు. అలా జరిగితే తువ్వాలుతో అదిమి, పుండు వైపుకు ఒత్తిగిల్లించి, ఆయన్ని వదలకుండా పక్కనే ఉండాలి, పిల్లల్ని ఇంకొకరు అవతలికి తీసుకెళ్లాలి. ఆ సమయానికి మగత ఇచ్చే మిడాజోలం లాంటి మందు ముందే రాసి ఉంచమని అడగండి. అలాంటప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలా, ఇంట్లోనే ఉండాలా అన్నది ఇప్పుడే, ఆయన అభిప్రాయంతో తేల్చుకోవాలి. ఇది అక్కకు ముందే చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆ రోజు తనవల్లే అయిందని జన్మంతా బాధపడుతుంది.

సోషల్_వర్కర్:

మార్ఫిన్ మామూలు మందుల షాపుల్లో దొరకకపోవడం చట్టం వల్ల. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని నిల్వ చేసి ఇవ్వగలవు. తెలంగాణలో హైదరాబాద్ ఎం.ఎన్.జే. క్యాన్సర్ ఆసుపత్రితో పాటు చాలా జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) కేంద్రాలున్నాయి, వాటి ఆలన వాహనాల్లో సిబ్బంది ఇంటికి కూడా వస్తారు. మీ జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఏదని అడిగి పేరు నమోదు చేయించండి. రోగి రానక్కర్లేదు: ఫైలు, పాత చీటీ, ఆయనదీ మీదీ ఆధార్ తీసుకెళ్లండి. ఐదు రోజుల మాత్రలు మిగిలి ఉండగానే బయల్దేరండి, సెలవులొస్తే ఇబ్బంది. ఇంట్లో తాళం వేసి ఉంచి, మిగిలినవి కేంద్రానికే తిరిగివ్వండి.

ఆసుపత్రికి తీసుకెళ్లాలా, వెంటిలేటర్ పెట్టాలా అన్న నిర్ణయం ఎవరిదన్న గొడవ మీ ఇంట్లో వచ్చేలా ఉంది. తాను చెప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే పత్రాన్ని ముందస్తు వైద్య నిర్దేశం అంటారు. సుప్రీంకోర్టు 2018లో దాన్ని గుర్తించింది, 2023 జనవరిలో దాన్ని సులువు చేసింది. ఆయన తెలివిలో ఉండగా, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. తన తరఫున నిర్ణయించేవారిగా భార్య పేరు రాయవచ్చు. బ్యాంకు ఖాతాలో అక్క పేరు కలపడం, నామినీ మార్చడం కూడా ఆయన సంతకం పెట్టగలిగేటప్పుడే చేయించండి.

చెల్లెలు_సూర్యాపేట:

జిల్లా ఆసుపత్రిలో నమోదైంది, నర్సమ్మ వచ్చి వెళ్లారు. మార్ఫిన్ టైముకు పడుతోంది, నొప్పి రూపాయి నుంచి పావలాకు వచ్చిందని వేళ్లతో చూపించారు. నిన్నటినుంచి బాగా మగతగా ఉన్నారు. తగ్గించాలా?

పాలియేటివ్_డాక్టర్:

టైముకు పడటం మొదలైన మొదటి రెండు మూడు రోజులు మగత మామూలే, కొంత ఇన్నాళ్ల నిద్ర బాకీ కూడా. పిలిస్తే కళ్లు తెరిచి తల ఊపుతున్నారా చూడండి, పడుకున్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. పన్నెండు దాటి ఉంటే కంగారు లేదు. పది, అంతకు తక్కువైనా, పిలిచినా లేవకపోయినా తర్వాతి మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయాలి. కాళ్లు చేతులు ఉలిక్కిపడటం, లేనివి కనిపించడం, మూత్రం తగ్గడం ఉంటే కిడ్నీలు సరిగ్గా పని చేయక ఒంట్లో మందు పేరుకుంటోందని అనుమానించాలి. అప్పుడు మోతాదు మార్చాలి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలి. ఇవేవీ లేకపోతే మీ అంతట తగ్గించకండి, రెండు రోజులు చూసి నర్సమ్మకు చెప్పండి. ఆ పుస్తకంలో ఊపిరి లెక్కకు ఇంకో గడి గీయించండి.